ముప్పై అయిదు ఓములు

సోమవారం పొద్దున పదకొండు కావస్తుండగా ఇస్త్రీ విభాగంలో కమురు వాసన వచ్చింది. బట్టల ఫ్యాక్టరీలో ఆ వాసనకి ఎవరూ చెప్పకుండానే తలలు లేస్తాయి. ఏడు బల్లల దగ్గర ఏడుగురు ఆడవాళ్ళు ఒక్కసారే చేతుల్లోని పెట్టెలు పైకెత్తి, ముందు తమ బల్ల మీది చొక్కా చూసుకుని, తమది కాదని ఊపిరి పీల్చుకుని, ఆ తర్వాత పక్కవాళ్ళ వంక చూశారు. ఆ చూపులన్నీ చివరికి ఒక్క చోటే వెళ్ళి ఆగాయి. కాలింది పెద్దక్క బల్ల మీద.

అక్కడ అందరికంటే ముందు చేరిన మనిషి కాబట్టి సూపర్‌వైజరు దగ్గర్నుంచి నేల ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆమె పెద్దక్కే. పదిహేడేళ్ళలో ఆమె చేతికింద ఎన్ని వేల చొక్కాలు సాగాయో లెక్కలేదు కానీ, కాలినవి ఎన్ని అంటే మాత్రం లెక్క సులువు. ఒక్కటి కూడా లేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకునేది కాదు. చెప్పుకోవలసిన అవసరం రాకుండా నడిచేది, అంతే.

చొక్కా తెల్లది. వీపు మధ్యలో పెట్టె ముక్కు ఆకారంలో గోధుమరంగు మచ్చ. పెద్దక్క దాన్ని రెండు చేతులతో ఎత్తి వెలుతురుకి పట్టి చూసింది. తర్వాత పెట్టెని నిలబెట్టి, అడుగు రేకుకి జానెడు దూరంలో అరచెయ్యి ఉంచింది. నూలు గుడ్డకి ఎంత వేడి కావాలో, పట్టుకి ఎంత కావాలో ఆ అరచేతికి తెలుసు. ఎర్ర లైటు ఆరిపోయి ఉంది. అంటే చాలినంత వేడెక్కి లోపల కరెంటు ఆగిపోయినట్టు. కానీ అరచేతికి తగిలే సెగ తగ్గడం లేదు సరికదా, ఇంకా ఎక్కుతోంది.

ఆ పెట్టె ఆమె రోజూ వాడేది కాదు. ఆమెది మూడో నంబరు. తీగ నలిగిందని శనివారం రిపేరుకి పోయింది. బదులుగా ఫిట్టరు పొద్దున్నే ఈ ఏడో నంబరు తెచ్చి పెట్టాడు.

సూపర్‌వైజరు వచ్చాడు. "ఏంటి పెద్దక్కా, నీ బల్ల మీదేనా?" అన్నాడు నమ్మలేనట్టు.

"పెట్టెలో ఏదో ఉంది సార్. లైటు ఆరినా వేడి ఆగట్లేదు."

ఫిట్టరుని పిలిపించారు. అతను ప్లగ్గు పెట్టాడు. లైటు వెలిగింది. వేలు తడి చేసి రేకుకి తాకించాడు. చుయ్యిమంది. "వెలుగుతోంది, వేడెక్కుతోంది. బాగానే ఉంది సార్," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు పెద్దక్క వంక మాత్రం చూడలేదు.

మరో పెట్టె లేదు. సరుకు సాయంత్రానికి వెళ్ళాలి. పెద్దక్క పళ్ళబిగువున ఆ పెట్టెతోనే పని చేసింది. ప్రతి చొక్కాకీ ముందు పాతగుడ్డ మీద ఒకసారి రాసి, ఆ తర్వాతే చొక్కా మీద పెట్టింది. అంత జాగ్రత్తగా చేసినా భోజనాల గంట కొట్టేలోపు ఇంకో రెండు కాలాయి.

మూడు చొక్కాలనీ బల్ల మీద వరసగా పరిచాడు సూపర్‌వైజరు. "ఇరవై రోజుల కిందట ఆ పిచ్చుకని పంపించేటప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా? 'పెట్టె దానంతటదే కాలుస్తుందా సార్? చెయ్యి కుదురుగా లేకపోతేనే కాలుతుంది' అన్నావు. కాగితం మీద సంతకం కూడా పెట్టావు. ఇప్పుడు నీ చెయ్యి కుదురుగా లేదనుకోమంటావా?"

ఏడుగురి ముందు తన మాటే తిరిగొచ్చి పెద్దక్క చెంపకి తగిలినట్టయింది.

పిచ్చుక అంటే నాలుగో బల్ల దగ్గర పనిచేసిన అమ్మాయి. బక్కపలచగా ఉండి, నోరు మాత్రం ఒక్క నిమిషం మూసేది కాదు కాబట్టి ఆ పేరు వచ్చింది. రెండు రోజుల్లో అయిదు చొక్కాలు కాల్చిందని ఆమెని పనిలోంచి తీసేశారు.

మధ్యాహ్నం నుంచి పెద్దక్కని దారాలు కత్తిరించే బల్లకి పంపారు. అది కొత్తగా చేరినవాళ్ళ బల్ల. కుట్టుల చివర వేలాడే దారం ముక్కల్ని చిన్న కత్తెరతో తుంచి బుట్టలో వేయాలి. "గురువారం మేనేజరమ్మ ఒస్తారు. ఈలోపు ఆలోచించుకో," అని సూపర్‌వైజరు ఒక కాగితం ఇచ్చాడు. అందులో అప్పటికే అంతా టైపు చేసి ఉంది. నా అజాగ్రత్త వల్ల, అని మొదలైంది. సంతకం పెడితే దారాల బల్ల దగ్గర ఉండనిస్తారట. పెట్టకపోతే పిచ్చుక వెళ్ళిన దారే.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే పక్కవాటా అరుగు మీంచి రేడియో బాబాయి పలకరించాడు. "ఏమ్మాయ్, ఈవేళ చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చావేం?"

ఆయన కళ్ళలో పొరలు కమ్మి మనుషులు మసకమసగ్గా కనిపిస్తారు. అందుకే అడుగుల చప్పుడుతో గుర్తుపడతాడు. నలభై ఏళ్ళు రేడియోలు బాగుచేసిన మనిషి. కొట్టు ఎప్పుడో మూసేసినా, సామానంతా ఒక ఇనప్పెట్టెలో పెట్టుకుని మంచం కింద దాచుకున్నాడు.

పెద్దక్క అరుగు అంచున కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఇంట్లోంచి అత్తగారు కూడా వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. బస్సు డ్యూటీకి వెళ్ళిన ఆవిడ కొడుకు ఇంకా రాలేదు.

"లైటు ఆరాక కూడా వేడి ఎక్కిందా, నీకలా అనిపించిందా?" అడిగాడు బాబాయి.

"ఎక్కింది బాబాయ్. నా చేతికి తెలుసు."

"నీ చెయ్యి చెప్పింది నేను నమ్ముతానమ్మా. మీ మేనేజరమ్మ నమ్మదుగా. ఆవిడకి అంకెలు కావాలి." ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "పెట్టె మీద ఎన్ని వాట్లని రాసుంది?"

"వెయ్యి. పక్కనే రెండువందల ముప్పై అని కూడా ఉంటుంది."

"వెయ్యి వాట్లని రాసుంటుంది. లోపల వేడెక్కే తీగచుట్ట, అదే కాయిలు, వెయ్యి వాట్లదేనా అన్నది ఎవరు చూశారు? ఆ బిళ్ళ ఉంటుంది చూడు, వేడెక్కగానే కరెంటు ఆపేది, థర్మోస్టాట్. అది వెయ్యి వాట్లకి కుదిర్చింది. లోపల కాయిలు అంతకంటే పెద్దదైతే, బిళ్ళకి సంగతి తెలిసి ఆపేలోపే రేకు దాటిపోతుంది. కాయిల్లో నిలవున్న సెగ ఆ తర్వాత కూడా వస్తూనే ఉంటుంది. నీ చేతికి తగిలింది అదేనేమో."

"మరి అది తేలేదెట్లా?"

"కొలిస్తే తేలుతుంది. కానీ నన్ను మీ ఫ్యాక్టరీ గేటు దాటనివ్వరు. దాటనిచ్చినా మీటరు ముల్లు నాకు కనపడదు. నువ్వే కొలవాలి."

"నేనా! ఎనిమిదో తరగతితో చదువు కట్టిపెట్టినదాన్ని."

"ఎనిమిదో తరగతిలో భాగహారం ఉంటుందా ఉండదా?"

"మా కోడలికి భాగహారం నేర్పించడమెందుకు, ఒక్క వంకాయని నలుగురికి పంచుతుంది," అంది అత్తగారు. బాబాయి పకపకా నవ్వాడు. పొద్దున్నించీ పెద్దక్క మొహాన నవ్వు రావడం అదే మొదలు.

మంగళవారం సాయంత్రం మంచం కింది ఇనప్పెట్టె బయటికొచ్చింది. బాబాయి చెబుతుంటే పెద్దక్క చేసింది. చెక్కముక్క మీద రెండు సాకెట్లు బిగించింది. వాటికి తీగ, తీగ చివర ప్లగ్గు. ఒక సాకెట్టుకి వెళ్ళే రెండు తీగల్లో ఒకదాన్ని మధ్యలో తెంపి, ఆ రెండు కొసలకీ ఇత్తడి మరలు పెట్టింది. ఆ తెగిన చోట మీటరు కూర్చుంటుంది. కరెంటు మీటరులోంచి దూరి వెళ్ళక తప్పదు. రెండో సాకెట్టు మామూలుగా ఉంటుంది, వోల్టేజి చూడడానికి. మరలు బిగించేటప్పుడు మొదట్లో ఆమె వేళ్ళు తడబడ్డాయి. పది నిమిషాలకల్లా గుండీ కుట్టినంత సులువుగా తిరిగాయి. బాబాయి ప్రతి బిగింపునీ వేలితో తడిమి చూసి, "ఊఁ," అనేవాడు. ఒక చోట మాత్రం, "ఇది వదులు. ఇక్కడ నిప్పురవ్వ లేస్తుంది," అని మళ్ళీ చేయించాడు.

"వోల్టేజి అంటే తోసే బలం. ఆంపియర్లంటే పారే కరెంటు. ఆ తోపుకి కాయిలు ఎంత అడ్డం పడుతుందో అది నిరోధం. ఓముల్లో చెప్తారు. వోల్టేజిని ఆంపియర్లతో భాగిస్తే ఓములొస్తాయి. ఆ రెండూ గుణిస్తే వాట్లొస్తాయి, అంటే అది ఎంత బలంగా వేడి కక్కుతోందో ఆ లెక్క. ఇంతే. నా నలభై ఏళ్ళ వృత్తి ఈ రెండు ముక్కల మీదే నడిచింది."

"అడ్డం ఎక్కువైతే వేడి ఎక్కువ కాదా?"

"అక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. అడ్డం తగ్గితే కరెంటు ఎక్కువ పారుతుంది. పారింది ఎక్కువైతే వేడీ ఎక్కువ."

పెద్దక్క కాసేపు ఆలోచించింది. "షిఫ్టు వదిలినప్పుడు గేటు ఒక రెక్క తీస్తే మేం ఒక్కొక్కళ్ళమే వస్తాం. రెండు రెక్కలూ తీస్తే తోసుకుంటూ వస్తాం. అట్లా అన్నమాట."

"నేను నలభై ఏళ్ళలో ఇంత బాగా ఎవరికీ చెప్పలేకపోయాను," అన్నాడు బాబాయి.

ఇంట్లో ఇస్త్రీపెట్టె తెచ్చారు. దాని మీద ఏడువందల యాభై వాట్లని ఉంది. పెద్దక్క మీటరు ఎర్ర తీగని ఆంపియర్ల రంధ్రంలో గుచ్చి స్విచ్చి వేసింది. ముల్లు లేచి మూడు దాటి ఆగింది. "మూడు పాయింటు మూడు బాబాయ్." "ఇప్పుడు స్విచ్చి తీసి, ఎర్ర తీగ మార్చి, అప్పుడు వోల్టేజి చూడు. తీగ మార్చకుండా సాకెట్లో పెట్టావా, మీటరు పని సరి. నీ పని కూడా సరి." ఆమె తీగ మార్చి, తెగిన చోటుని ఒక తీగముక్కతో కలిపి, పెట్టె మళ్ళీ వేసి, పక్క సాకెట్లో చూసింది. రెండువందల ఇరవై ఆరు.

పాత క్యాలెండరు కాగితం వెనక వైపు భాగించింది. అరవై ఎనిమిదిన్నర ఓములు. గుణించింది. చుక్క ఎక్కడ పెట్టాలో ఒకసారి తప్పి, కొట్టేసి, మళ్ళీ చేసింది. ఏడువందల నలభై అయిదు పాయింటు ఎనిమిది.

ఆమె పెన్సిలు కింద పెట్టి పెట్టె మీద రాసిన అంకె చూసింది. మళ్ళీ కాగితం చూసింది. ఎక్కడో ఎవరో ఆ పెట్టె మీద ఏడువందల యాభై అని అచ్చు వేశారు. ఇక్కడ అరుగు మీద కూర్చుని తను దాదాపు అదే అంకెని బయటికి తీసింది. "అత్తయ్యా, చూశారా! వచ్చింది!" అని కేకేసింది. అత్తగారికి అదేమిటో అర్థం కాకపోయినా కాగితాన్ని చేత్తో పట్టుకుని, "గుండ్రంగా రాశావు," అని మెచ్చుకుంది.

సామాను సర్దుతూ బాబాయి మామూలుగా అడిగాడు. "నీకంటే ముందు ఆ ఏడో నంబరు ఎవరి చేతిలో ఉండేది?"

"తెలీదు బాబాయ్," అంది పెద్దక్క.

తెలీదన్న మాట అబద్ధం కాదు. కానీ బుధవారం పొద్దున దారాల బల్ల దగ్గర కూర్చున్నాక అది గొంతులో ముల్లులా గుచ్చుకోవడం మొదలైంది. అక్కడినుంచి ఖాళీగా ఉన్న నాలుగో బల్ల ఎదురుగా కనిపిస్తుంది. ఇరవై రోజుల కిందట పిచ్చుక అక్కణ్ణుంచే పరుగెత్తుకొచ్చి, "అక్కా, ఒక్కసారి వచ్చి చెయ్యి పెట్టి చూడండి. లైటు ఆరినా వేడెక్కుతోంది," అంది. పెద్దక్క తన బల్ల మీది చొక్కా మీంచి కళ్ళెత్తకుండా, "నోరు తగ్గించి పని చూసుకో," అంది. పది అడుగుల దూరం. అరచెయ్యి ఒక్కసారి చాస్తే తెలిసిపోయేది. తను చాచలేదు.

కత్తెర ఆగిపోయింది. పక్కన కూర్చున్న కొత్తమ్మాయి, "దారం తెగలేదా పెద్దక్కా?" అని అడిగింది. "తెగింది," అని పెద్దక్క ఇంకో చొక్కా తీసుకుంది.

ఆ సాయంత్రం ఆమె ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునీ కొలిచింది. నీళ్ళు కాచే కడ్డీ, రొట్టెల పెనం, పక్కింటివాళ్ళ పెట్టె. కొడుకు రాగానే ఇల్లంతా పరిచి ఉన్న తీగలు చూపించి అత్తగారు, "నీ పెళ్ళాం నన్ను కూడా కొలుస్తుందేమో, నేను లోపలికి పోతున్నా," అంది. అతను నవ్వి, బూట్లు బయటే విప్పి, తీగలు తొక్కకుండా గోడ వెంబడి నడుస్తూ లోపలికి వచ్చాడు.

గురువారం మధ్యాహ్నం మూడింటికి మేనేజరమ్మ ఇస్త్రీ విభాగంలోకి వచ్చింది. చేతిగడియారం చూసుకుంటూ వచ్చింది. సూపర్‌వైజరు మూడు చొక్కాలు చూపించి కాగితం ముందు పెట్టాడు. "సంతకం పెడితే అయిపోతుందమ్మా. పాత మనిషి కాబట్టి తీసెయ్యట్లేదు."

"పెద్దక్కా, ఏమంటావు?" అంది మేనేజరమ్మ.

"పది నిమిషాలు ఇవ్వండమ్మా. ఏడో నంబరు పెట్టె, నా పాత మూడో నంబరు పెట్టె, రెండూ కొలిచి చూపిస్తాను. తేడా లేకపోతే సంతకం పెడతాను. మీరేమీ అనకుండానే వెళ్ళిపోతాను కూడా."

సంచిలోంచి చెక్క బయటికి తీసేసరికి సూపర్‌వైజరు నవ్వాడు. మేనేజరమ్మ నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫిట్టరు గోడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెట్టెలు నిలబెట్టి మిగతా ఆడవాళ్ళందరూ దగ్గరికి జరిగారు.

మూడో నంబరు తీగ మార్చుకుని తిరిగొచ్చింది. ముందు దాన్ని పెట్టింది పెద్దక్క. స్విచ్చి వేసింది. "నాలుగు పాయింటు రెండు. మీరూ చూడండమ్మా." స్విచ్చి తీసింది. వేళ్ళు చీర చెంగుకి తుడుచుకుని, ఎర్ర తీగ మార్చి, తెగిన చోటుని తీగముక్కతో కలిపి, పెట్టె వేసి, పక్క సాకెట్లో వోల్టేజి చూసింది. రెండువందల ఇరవై నాలుగు. బల్ల మీద గుడ్డకి గుర్తులు పెట్టే సుద్దముక్క ఉంది. దాన్ని తీసుకుని బల్ల చెక్క మీదే వేసింది లెక్క. యాభై మూడు పాయింటు మూడు ఓములు. తొమ్మిదివందల నలభై వాట్లు.

"వెయ్యి రావాలిగా? తక్కువొచ్చింది. లెక్కే తప్పు," అన్నాడు సూపర్‌వైజరు.

"రెండువందల ముప్పై వోల్టేజి వస్తే వెయ్యి సార్. ఇక్కడ రెండువందల ఇరవై నాలుగే వస్తోంది, అందుకని కాస్త తగ్గింది. వోల్టేజి ఎటు పోయినా ఆ యాభై మూడు మాత్రం మారదు. అది కాయిలుది."

ఫిట్టరు గోడ దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకొచ్చాడు.

ఇప్పుడు ఏడో నంబరు. స్విచ్చి వేయగానే ముల్లు నాలుగు దాటింది. అయిదు దాటింది. ఆరు దాటి, ఇంకో నాలుగు గీతల దగ్గర నిలిచింది. "ఆరు పాయింటు నాలుగు," అంది మేనేజరమ్మ, ఎవరూ అడక్కుండానే. వోల్టేజి అదే, రెండువందల ఇరవై నాలుగు. పెద్దక్క చుక్క తీసేసి, రెండువేల రెండువందల నలభైని అరవై నాలుగుతో భాగించింది. శేషం లేకుండా వచ్చింది. ముప్పై అయిదు.

"అక్కడ యాభై మూడు, ఇక్కడ ముప్పై అయిదు. అంకెలు తిరగేసి రాసింది!" అని సూపర్‌వైజరు చేతులు చరిచాడు. ఇద్దరు ముగ్గురు నవ్వబోయి ఆగారు.

మేనేజరమ్మ లేచి నిలబడింది. పెద్దక్క చేతిలోంచి సుద్ద తీసుకుని ఆ లెక్క పక్కనే తను మళ్ళీ వేసింది. ముప్పై అయిదు. గుణించింది. పద్నాలుగువందల ముప్పై మూడు పాయింటు ఆరు. పెట్టెని పైకెత్తి మీద అంటించిన చీటీ చూసింది. వెయ్యి వాట్లు.

"కాయిలు నేనే మార్చానమ్మా," అన్నాడు ఫిట్టరు. "పాతది కాలిపోయింది. స్టోరులో కొలతకి సరిపోయింది అదొక్కటే ఉంది. పెద్ద పెట్టెదనుకుంటా. వాట్లు చూడలేదు. వెలిగింది కదా అని ఊరుకున్నాను. సోమవారం అక్క అన్నప్పుడు అనుమానం వచ్చింది. చెప్పడానికి ధైర్యం చాలలేదు."

"ఎప్పుడు మార్చావు?" అడిగింది పెద్దక్క.

"పోయిన నెలాఖర్లో. నాలుగో బల్లకి ఇచ్చాను. పిచ్చుక వెళ్ళాక అలమారలో పెట్టాను."

ఆడవాళ్ళలో ఎవరో "అయ్యో" అన్నారు. మేనేజరమ్మ టైపు చేసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చించేసింది. "పెద్దక్కా, నీ మీద ఏమీ లేదు. రేపట్నుంచి నీ బల్ల నీదే. చాలా బాగా చేశావు," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. పదిహేడేళ్ళలో ఆ విభాగంలో చప్పట్లు మోగడం ఎవరూ ఎరగరు.

పెద్దక్క కదల్లేదు. పొద్దున్నించీ ఈ క్షణం కోసమే ఎదురుచూసింది. గెలిస్తే ఎలా ఉంటుందో కూడా ఊహించుకుంది, తల ఎత్తుకుని మూడో నంబరు పెట్టె చేతిలోకి తీసుకోవడం, సూపర్‌వైజరు మొహం వాడిపోవడం. అన్నీ అనుకున్నట్టే జరిగాయి. అయినా కాళ్ళు తన బల్ల వైపు పోలేదు.

"నా బల్ల సంగతి తర్వాతమ్మా," అంది. "పిచ్చుక కాగితం కింద నా సంతకం ఉంది. దాని చెయ్యి కుదురు లేదని నేను చెప్పాను. వచ్చి చూడమని అది బతిమాలింది, నేను వెళ్ళలేదు. నేను తప్పు చెప్పానని రాసిస్తాను. కాగితం ఇవ్వండి."

"నువ్వు చెప్పకపోయినా తీసేసేవాళ్ళం పెద్దక్కా. నీకెందుకు ఇదంతా? ఆ అమ్మాయికి మేము కబురు పెడతాంలే," అన్నాడు సూపర్‌వైజరు, కంగారుగా.

"మీ సంగతి మీరు రాసుకోండి సార్. నా సంతకం సంగతి నేను రాస్తాను."

మేనేజరమ్మ తన ఫైలులోంచి తెల్లకాగితం తీసి ఇచ్చింది. పెద్దక్క అక్కడే నిలబడి, కాగితం ఇస్త్రీబల్ల మీద పరిచి రాసింది. వోల్టేజి ఇంత, ఆంపియర్లు ఇంత, నిరోధం ఇంత, వాట్లు ఇంత. ఉండవలసింది ఇంత. కింద, నాలుగో బల్ల అమ్మాయి చేతిలో తప్పు లేదు, చూడకుండా చెప్పిన నాదే తప్పు, అని రాసి సంతకం పెట్టింది. మేనేజరమ్మ చదివి, దాని కిందే ఆ అమ్మాయిని మళ్ళీ అదే బల్లకి తీసుకోవాలని రెండు వాక్యాలు రాసి తనూ సంతకం చేసింది. మిగతా పెట్టెలన్నీ కొలిచి మరీ బల్లల మీద పెట్టమని ఫిట్టరుకి చెప్పింది. "ఎలా కొలవాలో పెద్దక్కని అడుగు," అని కూడా అంది.

శుక్రవారం సాయంత్రం పెద్దక్క పిచ్చుకని వెతుక్కుంటూ వెళ్ళింది. రెండు వీధులవతల ఒక రేకుల కొట్టులో బట్టలు ఇస్త్రీ చేస్తోందని తెలిసింది. కాల్చి పనిపోయిన మనిషని ఏ ఫ్యాక్టరీలోనూ తీసుకోలేదట. అక్కడ బొగ్గుల పెట్టె. పిచ్చుక మూత ఎత్తి నిప్పులు ఊదుతోంది. పెద్దక్కని చూసింది. చూసి మళ్ళీ తల దించుకుంది.

"పక్కకి జరగండి. నిప్పురవ్వలు పడతాయి."

ఇంకేమీ అనలేదు. ఒక్క నిమిషం నోరు మూయని పిల్ల. పెద్దక్క పక్కకి జరిగి నిలబడింది. పిచ్చుక ఒక తెల్లచొక్కా పరిచింది. నీళ్ళు చిలికింది. పెట్టెని తడిగుడ్డ మీద ఒకసారి రాసి, కాలరు వెనకనుంచి మొదలుపెట్టింది. కొసల నుంచి మధ్యకి, మధ్యలో ఆగకుండా. భుజం అతుకు దగ్గర మడత పడకుండా ఎడమచేత్తో గుడ్డని సన్నగా లాగి పట్టుకుంది. బిళ్ళ లేదు, లైటు లేదు, అరచెయ్యే ఆధారం. పదిహేడేళ్ళ అనుభవం ఉన్న కళ్ళతో పెద్దక్క ఆ చేతుల వెంటే వెళ్ళింది. ఎక్కడా వంక పెట్టడానికి దొరకలేదు. నాలుగో బల్ల దగ్గర ఈ చేతులు ఏడాదిపాటు తన కళ్ళెదుటే ఆడాయి, తను ఒక్కసారీ చూడలేదు.

చొక్కా మడతపెట్టి పక్కన పెట్టాక పెద్దక్క కాగితం అందించింది. పిచ్చుక చేతులు తుడుచుకుని తీసుకుంది. నిలబడే చదివింది. మొదటిసారి త్వరగా, రెండోసారి నెమ్మదిగా.

"మీరు చెప్పినందుకే నన్ను తీసేశారని నేను అనుకోలేదక్కా," అంది చివరికి. "వాళ్ళు ఎట్లాగూ తీసేసేవాళ్ళే. కానీ మీరు చెప్పినందుకే నేను నమ్మాను. పెద్దక్క అందంటే నా చేతిలోనే ఏదో ఉందనుకున్నాను. ఇక్కడికొచ్చిన కొత్తలో పెట్టె పట్టుకుంటే చెయ్యి వణికేది."

పెద్దక్క ఏ సర్దుబాటూ చెప్పుకోలేదు. "నేను వచ్చి చూడాల్సింది. రాలేదు. తప్పు నాది," అంది.

పిచ్చుక కాగితంలో ఒక చోట వేలు పెట్టింది. "ఈ ముప్పై అయిదు ఎట్లా వచ్చింది?"

"ఈ వోల్టేజిని ఈ ఆంపియర్లతో భాగించాలి."

"ఉండండి. చెప్పకండి." పిచ్చుక చొక్కాలు చుట్టే పాత పేపరు చింపింది. పెన్సిలు వెతికి, బల్లకి ఆనుకుని, పెదాలు కదుపుతూ లెక్క వేసింది. పెద్దక్కకి మధ్యలో చెప్పాలని నోటిదాకా వచ్చింది, ఆపుకుంది. పిచ్చుక పెన్సిలు ఆగింది. కాగితంలో అంకెతో తన అంకె పోల్చుకుంది. మెల్లిగా మొహమంతా వెలుగొచ్చింది.

"నా చెయ్యి కాదన్నమాట," అంది.

"కాదు."

"అయితే ఇది నాకు నేర్పాలి. మొత్తం. తీగలు పెట్టడంతో సహా. ఇంకోసారి ఎవరైనా నా మాట నమ్మకపోతే నేనే కొలిచి చూపిస్తాను. మిమ్మల్ని కూడా నమ్మను."

"నమ్మకు," అంది పెద్దక్క. ఆ మాట అంటుంటే ఆమెకి గుండె నిండినట్టయింది. నిన్న చప్పట్లు మోగినప్పుడు రానిది ఇప్పుడు వచ్చింది.

సైకిలు దిగి ఒకాయన తెల్లచొక్కా కోసం వచ్చాడు. విప్పి కాలరు చూసుకుని, తృప్తిగా తల ఊపాడు. "ఆదివారం ఇంకో నాలుగు తెస్తానమ్మా, పెళ్ళికెళ్ళాలి. జాగ్రత్తగా చెయ్యి."

"ఆదివారం ఇవ్వండి, చేస్తాను. సోమవారం నుంచి మాత్రం ఇంకెక్కడైనా చూసుకోండి బాబాయిగారూ," అంది పిచ్చుక. "నాకు ఫ్యాక్టరీలో నాలుగో బల్ల ఉంది."